రంగు వెనుక కులం: ‘రంగస్థలం’లో గోదావరి పల్లె ప్రాతినిధ్యం

తెరపై ఒక సమూహం కనిపించినంత మాత్రాన దానికి ప్రాతినిధ్యం లభించినట్లు కాదు. అది ఎవరి ముఖంతో, ఏ పేరుతో కనిపిస్తున్నదన్నది ముఖ్యం. అమెరికన్ సినిమా చరిత్రలో ఈ ప్రశ్న జాతి చుట్టూ తిరిగింది. 1915 నాటి ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో ప్రధాన నల్లజాతి పాత్రలను ముఖానికి రంగు పూసుకొన్న శ్వేతజాతి నటులు ధరించారు. ‘గాన్ విత్ ద విండ్’లో దాసి పాత్రకు 1940లో ఆస్కార్ పొందిన హాటీ మెక్‌డానియల్‌ను ఆ పురస్కార సభలోనే విడిగా కూర్చోబెట్టారు.

తెలుగు సినిమాలో ఈ ప్రశ్న కులానికి వర్తిస్తుంది. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938) సంస్కర్తల దృష్టి నుంచి నడిచినా కులాన్ని శీర్షికలోనే పేర్కొన్నది.

80 ఏళ్ళ తరువాత వచ్చిన ‘రంగస్థలం’ (2018) మార్గం వేరు. దర్శకుడు సుకుమార్ రాజోలు ప్రాంతపు మట్టపర్రుకు చెందినవారు. రావులపాలెం వద్ద గౌతమి దాటి కోనసీమలో ప్రవేశించిన తెలుగు కెమెరా తరచుగా కొబ్బరితోటలను, కాలువలను చూసింది. రావులపాలెం మార్కెట్టులో అరటిగెలలు మోసే శ్రామికుల వంటివారు నేపథ్యంగానే మిగిలారు. ‘రంగస్థలం’ మాత్రం 1980ల గోదావరి పల్లెలో చేలకు నీరు తోడే చిట్టిబాబును, సొసైటీ అప్పులను, ప్రెసిడెంటు పెత్తనాన్ని కథాకేంద్రానికి తెచ్చింది. అన్న హత్యకు రాజకీయ వైరమే కారణమని నమ్మించి, కూతురి ప్రేమను సహించని తండ్రి కులాహంకారమే కారణమని చివరకు వెల్లడించింది. ఇది చిత్రానికి బలం.

అయితే అంతవరకు కులం సూచనగానే ఉండిపోతుంది. నాయకుని సామాజిక స్థానాన్ని రామ్‌చరణ్ ముదురు మేనిరంగు, లుంగీ, యాస సూచిస్తాయి. అమెరికాలో పూసిన నల్లరంగు ప్రధానంగా అవహేళనకు సాధనమైంది. ఇక్కడ అది నాయకుని ఔన్నత్యానికి తోడ్పడింది. ఉద్దేశంలో ఇంత భేదమున్నా, కథ ఎవరిదో వారి ముఖం తెరకు రాకపోవడం రెండింటికీ సమానం. పైగా మేనిరంగును కులానికి గుర్తుగా వాడటం వాస్తవ విరుద్ధం. కోనసీమలో నలుపు ఏ ఒక్క కులానికీ పరిమితం కాదు. వేషం తీయగానే పోయే రంగు, పుట్టుకతో అంటగట్టిన అంతస్తుకు ప్రత్యామ్నాయం కాలేదు.

కనుక గోదావరి నేపథ్య చిత్రాలను యాస, ప్రకృతి చిత్రణల దృష్ట్యా మాత్రమే అంచనా వేయడం చాలదు. కులాన్ని ఎక్కడ పలికాయో, ఎక్కడ రంగుతో కప్పాయో పరిశీలించాలి.