ఎవరి నోట మంచివాడు?

కేసులో ఇరుక్కున్న మాల, మాదిగ పిల్లవాడి నడత గురించి కోర్టుకు కాగితం కావాల్సివస్తే, వాడలో మొదట వినపడే మాట ‘ఊళ్లోకి పోయి రెడ్డి కాడ రాయించుకో’ అనే. లేకుంటే హెడ్మాస్టరు, లేకుంటే ఎవరైనా ఆఫీసరు. అతని పక్కన చెరుకు కొట్టి, బెల్లం గానుగ కాడ రాత్రిళ్లు మేలుకున్నవాళ్ల సంతకం ఎవరూ అడగరు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఇదేమీ వింత కాదు. ఈ ఉత్తరాన్ని కూడా ఒక రచనగా చదివి, విమర్శకు పెట్టాల్సిన అవసరముందని మేము భావిస్తున్నాం.

దాని భాష చూడండి. ‘అణకువ గలవాడు, పెద్దల మాట జవదాటడు, ఏ గొడవకూ పోడు.’ ఊరు వాడకు పెట్టిన షరతులే ఇక్కడ సుగుణాలైనాయి. కూలి రేటు అడిగినవాడు, గుడి ముందు నిలబడినవాడు ఈ కొలతలో ముందే ఓడిపోతాడు. అదే అట్రాసిటీ కేసులో అగ్రకుల ముద్దాయికైతే ‘గౌరవప్రదమైన కుటుంబం’ అనే మాట సిద్ధంగా ఉంటుంది.

చట్టంలోనూ ఊరి నీడ ఉంది. ముద్దాయి మంచి నడత కోర్టు చూడదగ్గ విషయమేనని 1872 సాక్ష్య చట్టం 53వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 47వ సెక్షన్. నడత అంటే స్వభావమూ, నలుగురిలో ఉన్న పేరూ. ఆ నలుగురూ ఎవరు? చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఎరుకల బిడ్డకు పుట్టకముందే దొంగ అనే పేరు రాసిపెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ అనుమానం రద్దు కాలేదు.

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఆ దుఃఖాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. దళిత యువకులు చలపతి, విజయవర్ధనంలకు ఉరిశిక్ష వేశారు. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఉరికంబం దాకా నడిచేది ఎవరి బిడ్డలనే ప్రశ్నను ఆ క్షమాభిక్ష పోరాటం తెలుగు సమాజం ముందుంచింది. అణకువకు సర్టిఫికెట్ ఇచ్చే ఉత్తరం ఆ ప్రశ్న దాకా పోలేదు.

2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో ముద్దాయి వయసు, కుటుంబం, చదువు, ఆదాయం, జైల్లో నడత వివరాలు సేకరించాలంది. ఈ సందును మనం వాడుకోవాలి. శిక్ష మీద వాదన జరిగేటప్పుడు ఇచ్చే ఉత్తరంలో రాసేవారు తామెవరో, ఎన్నేళ్లుగా ఎరుగుదురో, కళ్లారా ఏం చూశారో చెప్పాలి. చదువు ఎందుకు ఆగిందో, ఎవరిని పోషిస్తున్నాడో రాయాలి. నేరాన్ని దాచకూడదు, బాధితుల్ని నిందించకూడదు. జడ్జికి నేరుగా పోస్టు చేయక డిఫెన్సు వకీలు చేతికివ్వాలి. విచారణలో మంచి నడత సాక్ష్యం పెడితే, జవాబుగా అవతలివారు చెడ్డ నడత సాక్ష్యం తేవచ్చని 49వ సెక్షన్ అంటుంది. అందుకే వకీలుతో మాట్లాడకుండా తొందరపడకూడదు.

వాడలో చదువుకున్న తొలి తరం మనం. రెడ్డి కాడికి పంపకుండా ఆ కాగితం మనమే రాయాలి. కింద గానుగ కాడివాళ్ల సంతకాలుండాలి. సంతకం రానిచోట వేలిముద్రలైనా ఉండాలి.