అడుగున సముద్రం, పైన పేర్లు

తెర మీద ఒక దీవి. నీలం మీద పచ్చరంగు ముద్ద పడేసినట్టుంది. దాని మీద ఇంకో ముదురుపచ్చ మరక, అది అడవట. పక్కన పసుపు మరక, అది ఎడారట. రెండూ కలిసేచోట కత్తెరతో కోసినట్టు గీత. ఎఫెక్ట్స్ ఆపేసి ఉంచాను కాబట్టి ఇలా ఉంది. ఇప్పుడు చిన్న గడిలో టిక్కు పెడతాను. బొమ్మ అడుగు నుంచి మళ్లీ గీసుకోవడం మొదలవుతుంది. ముందు సముద్రం. దాని మీద నేల. తీరం వెంబడి లేత వెలుగు. ఎడారి అంచు ఇసుకలాగే చెదిరి గడ్డిలోకి ఇంకిపోతుంది. నదులొస్తాయి, కొండలొస్తాయి, అన్నిటికీ చివర ఊళ్ల పేర్లు వచ్చి కూర్చుంటాయి. ఈ రెండు మూడు సెకన్ల కోసం, ఏ పనీ లేకపోయినా ఆ టిక్కు తీసి మళ్లీ పెట్టిన రోజులున్నాయి.

ఈ పటాలు గీసే సాఫ్ట్‌వేర్ పేరు కాంపెయిన్ కార్టోగ్రాఫర్. ప్రోఫాంటసీ అనే బ్రిటిష్ సంస్థ 1993లో తెచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల కోసం పుట్టిన పనిముట్టు. ఆ ఆటలో ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్లు అందులో పాత్రలై తిరుగుతారు, సందేహం వచ్చినచోట పాచికలు తేలుస్తాయి. తిరగడానికి చోటు కావాలి కదా, అందుకు పటం. మొదట్లో గళ్ల కాగితం, పెన్సిలు సరిపోయాయి. ఈ సాఫ్ట్‌వేర్ ఎముకలు మాత్రం ఇంజినీర్లవి. మైక్ రిడిల్ రాసిన ఫాస్ట్‌క్యాడ్ అనే ఇంజినీరింగ్ డ్రాయింగ్ ప్రోగ్రాం మీద దీన్ని కట్టారు. ఆటోక్యాడ్‌కి మూలమైన ప్రోగ్రాం రాసినవాడూ ఆ రిడిలే. ఇళ్ల ప్లాన్లు గీసే యంత్రం కడుపున డ్రాగన్ల గుహలు పుట్టాయన్నమాట.

ఆ ఇంజినీరు బుద్ధే దీనికో చక్కని సూక్ష్మం ఇచ్చింది. ఇందులో లేయర్ వేరు, షీట్ వేరు. గీసిన ప్రతి వస్తువుకీ రెండూ ఉంటాయి. లేయర్ ఇంటిపేరు లాంటిది, ఆ వస్తువు ఏ కోవకి చెందిందో చెబుతుంది. షీట్ పంక్తిలో కూర్చున్న చోటు, ఎవరి కింద ఎవరి పైన అన్నది అదే తేలుస్తుంది. షీట్ల జాబితాలో మొదట ఉన్న పేరు పటంలో అట్టడుగున ఉంటుంది. మొదటిరోజు ఇది అందరినీ తికమక పెడుతుంది. అన్నం, పప్పు, నెయ్యి అని కాగితం మీద పైనుంచి కిందికి రాసుకుంటాం, విస్తట్లో మాత్రం అన్నమే అడుగున ఉంటుంది. ఆ లెక్క పట్టుకుంటే చాలు.

ఎఫెక్ట్‌ని వస్తువుకి ఇవ్వరు, షీట్‌కి ఇస్తారు. ఆ షీట్ మీదున్న అందరికీ అది సమానంగా వర్తిస్తుంది. అందుకే గోడకి పొడుగు నీడ, బల్లకి పొట్టి నీడ కావాలంటే రెంటినీ వేరు షీట్ల మీద కూర్చోబెట్టాల్సిందే. సౌందర్యమంతా ఈ పంపకంలోనే మొదలవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అంచు కరిగించే ఎఫెక్ట్. ఎంత వెడల్పున కరగాలో ఒక అంకె అడుగుతుంది. ఆ అంకెని పిక్సెళ్లలో కాకుండా పటం తాలూకు కొలతల్లో, అంటే మైళ్లలో ఇవ్వొచ్చు. నేనిక్కడే ఆగిపోయాను. వెయ్యి మైళ్ల దేశంలో ఎడారి గడ్డినేలగా మారడానికి ఎన్ని మైళ్లు పట్టాలి? అయిదిస్తే గీత గీతలాగే మిగిలింది. అరవై ఇస్తే ఎడారే పొగమంచైపోయింది. ఇది చిత్రకారుణ్ణి అడిగే ప్రశ్న కాదు, ప్రయాణం చేసినవాణ్ణి అడిగే ప్రశ్న. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైల్లో పోతూ, చేలు ఆగిపోయి నల్లమల ఎక్కడ మొదలైందో పట్టుకోవాలని కిటికీకి అతుక్కుపోయిన రోజు గుర్తొచ్చింది. పట్టుకోలేకపోయాను. గట్ల మీద ఒంటి చెట్లు, తర్వాత గుంపులు, ఇంతలో చుట్టూ అడవే. ఇరవై ఇచ్చాను. సరిహద్దు కనబడదు కానీ ఉందని తెలుస్తుంది. ఆ ఒక్క అంకెతో మరక కాస్తా దేశమైపోయింది.

పేర్ల వెనక సన్నగా పరిచే లేత వెలుగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది కంటపడనంతసేపే అందం. కొండల బొమ్మల్ని వరసపెట్టే ఆజ్ఞ కూడా అలాంటిదే. ఉత్తరాన ఉన్న కొండని దక్షిణాన ఉన్నదాని వెనక్కి నెడుతుంది, గుట్టలుగా పడి ఉన్నవి ఒక్కసారిగా పర్వతశ్రేణిగా నిలబడతాయి.

నీడల సంగతి మాత్రం తీరిగ్గా చూడాలి. పటమంతటికీ ఒకే సూర్యుడు, ఆయన ఏ దిక్కున ఉండాలో మనమే చెప్పాలి. భౌగోళిక పటాల్లో కొండలకి వెలుగు వాయవ్యం నుంచి, అంటే 315 డిగ్రీల నుంచి పడాలన్నది పాత సంప్రదాయం. కొండల నీడలకి ప్రాణం పోసిన స్విట్జర్లాండ్ పటకారుడు ఎడ్వర్డ్ ఇమ్హోఫ్ కూడా ఆ దారినే నడిచాడు. ఉత్తరార్ధగోళంలో కొండల మీద అసలు ఎండ ఎక్కువగా దక్షిణం వైపు నుంచే పడుతుంది. అలాగని నిజానికి కట్టుబడి సూర్యుణ్ణి కిందివైపుకి తెస్తే కొండలు గోతుల్లా కనబడతాయి. వెలుగు పైనుంచి వస్తుందని కన్ను ముందే నమ్మేసింది మరి. నేలమాళిగ పటంలో ఈ విచిత్రం ఇంకా ముదురుతుంది. రాతి కప్పు కింద ఎండేమిటి? అయినా గోడలకి నీడ వెయ్యకపోతే గదులు గదుల్లా కనబడవు. సూర్యుడు చూడని చోటు కవి చూస్తాడని మనవాళ్ల మాట. ఇక్కడ కవి సూర్యుణ్ణే వెంటబెట్టుకుని మెట్లు దిగాడు.

నేను మొదట్లో గీసిన పటాలు చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. కుర్చీలు, పీపాలు, ఆఖరికి తివాచీ కూడా నేలకి జానెడెత్తున గాల్లో తేలుతుండేవి. నీడ దొరికింది కదా అని అందరికీ పంచిపెట్టాను. వడ్డాణం మెడకి, హారం నడుముకి తగిలించుకుంటే నవ్వులపాలవుతారని పదకొండో శతాబ్దంలోనే క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి చెప్పాడు. తివాచీకి నీడ అలాంటిదే. దానికి కావలసింది అంచున వెంట్రుకవాసి మసక, అంతే.

ఇక రాణీ రంగు. నేల షీట్‌లో ఒక గొయ్యి కావాలి, అడుగు షీట్‌లోని నీళ్లు అందులోంచి కనబడాలి. అందుకు ఆ నేల మీదే కళ్లు జిగేల్మనే రాణీ రంగుతో గొయ్యి ఆకారం పూస్తాం. ఇంత మొరటు రంగు ఈ పాతబడిన రాళ్ల మధ్య ఏమిటా అనిపిస్తుంది. ఎఫెక్ట్ వెయ్యగానే ఆ రంగు మాయం. ఉన్నచోటల్లా చిల్లు, చిల్లులో నల్లటి నీళ్లు, గట్టు నీడ ఆ నీళ్ల మీద. తాను చెరిగిపోవడమే పనిగా పెట్టుకున్న రంగుని నేను మరెక్కడా చూడలేదు.

కొన్ని లేయర్లు చూపించడానికి కావు. రహస్యద్వారాలు, బోనులు, దొంగగదులు ఒక లేయర్లో పెట్టి, ఆటగాళ్లకి పటం పంపేముందు దాన్ని దాచేస్తాం. 1937లో వచ్చిన ద హాబిట్ పుస్తకానికి టోల్కీన్ వేసిన పటంలో, వెన్నెల్లో మాత్రమే కనబడే అక్షరాలున్నాయి. వాటిని కాగితం వెనకవైపు అచ్చువేయాలనీ, పాఠకుడు వెలుగుకి ఎత్తిపట్టి చూస్తేనే కనబడాలనీ ఆయన ఆశపడ్డాడు. అది జరగలేదు, మామూలుగా ముందువైపే అచ్చయ్యాయి. ఆయన అడిగింది ఒక దాచిన లేయరే. ఈనాటి కథకుడికి అది ఒక్క క్లిక్కు.

నా పటంలో సింహాసనం వెనక ఒక గది ఉంది. మా ఆటగాళ్లు ఆ గోడకి ఆనుకుని రెండుసార్లు పోట్లాడారు, ఒకడు దానికి వీపు ఆనించి గాయం కట్టుకున్నాడు కూడా. గోడ తట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. కథ ఆ కోట దాటి చాలా దూరం వెళ్లిపోయింది, ఇక వెనక్కి రారు. అప్పుడప్పుడు రాత్రిపూట ఫైలు తెరిచి ఆ లేయర్ ఒక్కటీ వెలిగిస్తాను. చిన్న గది. ఒక పెట్టె, చిరిగిన తివాచీ, మూలన రాలిన ఇటుకలు. పెట్టె నీడ కోటలో తక్కిన నీడలన్నిటిలాగే ఆగ్నేయానికి వాలి ఉంటుంది.