మూఢంలో సాధకం

2024లో ఏప్రిల్ నెలాఖరు మొదలు శ్రావణం వచ్చేదాకా పెళ్లి ముహూర్తాలు లేవు. శుక్ర మౌఢ్యం, గురు మౌఢ్యం, అవి వదిలేసరికి ఆషాఢం. ఎండాకాలం పెళ్లిళ్లతో ఏడాది గ్రాసం కూడబెట్టుకునే సన్నాయి మేళాలకు ఆ వేసవి అంతా ఖాళీయే. నాదస్వరం మా ఇంటి విద్య. చేతిలో విద్య ఉంటే తిండికి లోటుండదని మా పెద్దలు అనేవారు. విద్య ఉంది, పని మాత్రం పంచాంగం చెప్పినప్పుడే.

అయినా సాధకం మానడానికి లేదు. వారం ఊదకపోతే పెదవుల పట్టు సడలిపోతుంది, తారస్థాయికి వెళ్లేసరికి గాలి పక్కలనుంచి జారిపోతుంది. సన్నాయికి దారంతో వేలాడే పీకలు మీరు చూసే ఉంటారు. అలంకారం కోసం కట్టినవి కావవి. ఒకటి మూసుకుపోతే వెంటనే ఇంకొకటి పెట్టాలి. నోట్లో నానబెట్టి, పక్కనే వేలాడే సూదితో నోరు విప్పి, వేళ్లతో మెల్లగా నొక్కి సరిచేసుకోవాలి. ఎండలో వేసిన పందిట్లో ఒకలా, ఏసీ హాల్లో ఒకలా పలుకుతాయి. వాద్యం కావాలంటే కుంభకోణం దగ్గరి నరసింగంపేట్టై పోవాలి. పాత ఇళ్ల దూలాల ఆచా కర్రతో చేసే ఆ నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఖర్చులేవీ మూఢం చూసి ఆగవు.

బారసాలలు, సీమంతాలు, గుడి ఉత్సవాలు ఉంటాయి కనుక పురోహితులకు ఫోన్లు చేస్తుంటాను. ఇద్దరు ముగ్గురు పిల్లలకు పాఠం చెబుతాను. మా డోలు తమ్ముడు సెలూన్‌లో కూర్చుంటాడు. శ్రుతి పట్టే కుర్రాడు ఆటో నడుపుతాడు. ఇందులో తప్పేమీ లేదు. కానీ పగలంతా వేరే పని చేసి వచ్చిన మనిషి రాత్రి డోలు ముందు ఎంతసేపు కూర్చోగలడు?

"ముహూర్తం రెండు గంటలే కదండీ, కాస్త చూసి చెప్పండి" అంటారు పెళ్లివారు. పురోహితుడు చెయ్యెత్తగానే ఆలస్యం లేకుండా గట్టిమేళం అందుకోవడం వెనక ఈ ఖాళీ నెలల సాధకమంతా ఉంది. మేం చెప్పే డబ్బు దానిక్కూడా. అందుకే సగం ముందే అడుగుతాను, మిగతాది తలంబ్రాలకు ముందే ఇప్పించమంటాను. అప్పగింతలప్పుడు కన్నీళ్లతో ఉన్న తండ్రి దగ్గర డబ్బుల మాటెత్తడం నా వల్ల కాదు.

ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారిని మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998లో సంగీత కళానిధిని చేసింది. ఆయన పేరు చెప్పి పిల్లల చేతికి నాదస్వరం ఇస్తాం. కానీ కచేరీ వేదిక దొరికేది కొందరికే. మిగతావాళ్లకు నిలకడైన ఆసరా గుడి కొలువే. ఇప్పుడు చాలా గుళ్లలో హారతి వేళ మీట నొక్కితే గంటా డోలూ మోగే యంత్రం పెట్టారు. ఊరి పెద్దలకు నా మనవి ఒకటే. ఆ చోటు నెల జీతం మీద ఒక మేళానికి ఇవ్వండి. అప్పుడు మా డోలు తమ్ముడు మూఢంలో కూడా డోలు దగ్గరే ఉంటాడు.