రిపోర్టులో రెండో కాగితం

రక్తపరీక్షల కవరు టేబుల్ మీద పెట్టగానే అందరూ అడిగేది ఒకటే, "షుగర్ వచ్చిందా డాక్టరు గారూ?" అని. నేను ముందు లిపిడ్ ప్రొఫైల్ తీస్తాను. అందులోనూ కొలెస్ట్రాల్ కన్నా ముందు ట్రైగ్లిజరైడ్లు చూస్తాను. పరగడుపున అవి 150 దాటి, హెచ్‌డీఎల్ మగవారిలో 40కి, ఆడవారిలో 50కి దిగువన ఉంటే, షుగర్ 95 దగ్గరే ఉన్నా సరే, నడుముకు టేపు చుట్టి చూడకుండా పంపను.

రక్తంలో కొవ్వుకూ షుగర్‌కూ ఉన్న ఈ లంకె వెనక కథ పాతది. కండరానికి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా అందితే వాటినే కాల్చుకుంటుందని, గ్లూకోజ్ వాడకం తగ్గిస్తుందని 1963లో ఫిలిప్ రాండిల్ బృందం 'లాన్సెట్'లో రాసింది. అసలు గ్లూకోజ్ కణంలోకి వెళ్లడమే మందగిస్తుందని 1990లలో యేల్‌లో గెరాల్డ్ షుల్మన్ బృందం చూపింది. కణంలో పోగుపడిన కొవ్వు ఇన్సులిన్ మాట చెవిన పడనివ్వదు. పాంక్రియాస్ మరికాస్త ఇన్సులిన్ వదిలి ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అందుకే షుగర్ అంకె అన్నాళ్లూ బుద్ధిగా కనిపిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇన్సులిన్‌కు లొంగని కొవ్వు కణజాలం కొవ్వు ఆమ్లాలను వదులుతూనే ఉంటుంది. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి మళ్లీ రక్తంలోకి పంపుతుంది. కాబట్టి నా లెక్కలో ట్రైగ్లిజరైడ్ దోషి కన్నా ఎక్కువగా సాక్షి. ఎల్‌డీఎల్ సంగతి వేరు. అది గుండెకు శత్రువే కానీ, వంశపారంపర్యంగా అది బాగా ఎక్కువున్నవారిలో టైప్ 2 మధుమేహం తక్కువగానే కనిపించింది.

"నేను సన్నగానే ఉన్నాను కదండీ" అనేవారికి పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన యుడ్కిన్‌ల ఫొటో గురించి చెబుతాను. 2004లో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మనవాడికి 21.2.

"నూనె మానేశానండీ, అయినా ట్రైగ్లిజరైడ్లు తగ్గలేదు."

"అన్నం?"

"అన్నం మామూలేనండీ, మూడు పూటలా."

మిగులు పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చేస్తుంది. నూనె సీసాను తిట్టుకుని లాభం లేదు. అన్నం తగ్గించి, రోజూ నడిచి, మూడు నెలలయ్యాక మళ్లీ రమ్మంటాను. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం ఈ ముచ్చట్లన్నీ తర్వాత. పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంటుంది కనుక మందు ఆ రోజే మొదలుపెడతాను.