రంగు మారితే సరిపోదు

రాస్ తనూరాలో మన తరగతి వారానికి ఒక్కరోజే. మిగతా రోజుల్లో పిల్లల తెలుగు చదువు చాలావరకు ఫోన్లోనే సాగుతోంది. అందుకని మనం ఇంటికి పంపే అక్షరాల అభ్యాసాలను కాస్త గట్టిగానే పరీక్షించాలి.

ఇప్పుడు వాడుతున్న అభ్యాసం చూడముచ్చటగా ఉంది. బొమ్మ, దాని కింద నాలుగు పలకలు. నొక్కిన పలక రంగు మారుతుంది. పిల్లలు విసుగు లేకుండా మళ్లీ మళ్లీ ఆడతారు. కానీ చూపు సరిగా లేని బిడ్డకు ఇది మూసిన తలుపే. పలకల మీది మాటలు కూడా బొమ్మలే, వాటికి పేర్లు రాయలేదు. తెరమీది సంగతులు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అక్కడ ఏం చదువుతుంది?

దానికి మూడు విషయాలు తెలియాలి: ఇది ఎంచుకునే పలక అని, దాని పేరు, ఇప్పుడు ఎంచుకుని ఉందా లేదా అని. 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణం అడిగేదీ ఇవే. రంగు ఒక్కటే గుర్తు కాకూడదని కూడా అది చెబుతుంది.

మందు పెద్దదేం కాదు. హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న రేడియో బటన్ వాడితే ఈ పని చాలావరకు బ్రౌజరే చేస్తుంది, బాణం కీలూ పనిచేస్తాయి. సొంత పలకలే కావాలంటే ఏరియా గుణాలు రాయాలి, కీబోర్డు పని కూడా చూసుకోవాలి. నొక్కాక స్థితి మార్చడం మరిస్తే, ఎంచుకున్న పలకను కూడా "ఎంచుకోలేదు" అని చదువుతుంది. పేజీ భాష తెలుగని రాయకపోతే ఇంగ్లిష్ గొంతు మన మాటల్ని ఖూనీ చేయొచ్చు.

ఒక చిక్కు మాత్రం టీచర్లే తేల్చాలి. "విని అక్షరం గుర్తుపట్టు" అనే ప్రశ్నలో 'థ' పలక తన పేరు తానే చెప్పేస్తే ఇక పరీక్షేముంది? అక్కడ పెద్ద అక్షరాలో, బ్రెయిలో కావాలి. అర్థం అడిగే ప్రశ్నలో మాత్రం పలకలు పలకాల్సిందే.

మీరే చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, వేలు కుడివైపు జరుపుతూ వెళ్లండి. కావలసిన చోట రెండుసార్లు తట్టండి. ఒక్క ప్రశ్నయినా పూర్తి చేయలేకపోతే ఆ అభ్యాసాన్ని అందరికీ ఇంటిపనిగా ఇవ్వకండి. బాగుచేసేదాకా ఆ ప్రశ్నలు అమ్మో నాన్నో చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించండి.