పద్ధతి భాగం

గౌతమీ తీరాన కపిలేశ్వరపురం వంటి ఊళ్లలో తెలుగు మాధ్యమంలో చదువుకొని విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు చేరిన పరిశోధక విద్యార్థికి, ప్రయోగం చేయడం కంటే దానిని ఇంగ్లిషులో పత్రంగా రాయడమే పెద్ద గండంగా తోస్తుంది. ఆ భయంలో ఇతరుల పత్రాల నుంచి ఏరి తెచ్చిన బరువైన వాక్యాలతో ఉపోద్ఘాతం నిండుతుంది గాని, చేసిన పనిని చెప్పవలసిన భాగం నాలుగు ముక్కల్లో ముగిసిపోతుంది. నిజానికి పత్రానికి ప్రాణం ఉండేది ఆ రెండవ చోటే: ఏ పదార్థం ఎంత తీసుకొన్నారో, ఎంతసేపు ఉంచారో, దేనితో కొలిచారో మరొకరు చదివి అదే ఫలితం రాబట్టగలిగేంత వివరంగా చెప్పే పద్ధతి భాగంలో.

ఇందుకు గొప్ప సాక్ష్యం గోదావరి జిల్లాలలోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ప్రకటించిన 26 పుటల పత్రం రక్తం, మూత్రం వంటి ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే విధానాన్ని వివరిస్తుంది. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఏర్పడే సమ్మేళనాన్ని తగిన కారకంతో క్షయకరిస్తే, అంటే దానికి ఎలక్ట్రాన్లు చేరేలా చేస్తే, నీలిరంగు పుడుతుంది. ఆ రంగు గాఢతే భాస్వరం ఎంత ఉందో చెబుతుంది. ఇద్దరి పేర్లతో ఆ విధానం దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నిలిచిందంటే, అందుకు వాక్యాల సొగసు కారణం కాదు, దానిని అనుసరించిన వారికి లెక్క సరిగ్గా రావడమే కారణం.

ఆ నిశితత్వమే మరో ఆవిష్కరణకు దారి చూపింది. కండరాల నుంచి తీసిన ద్రావణంలో నీలిరంగు ఆలస్యంగా ముదరడాన్ని వారు పొరపాటుగా కొట్టివేయక వెంటాడినందువల్ల, తేలికగా విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడి 1927లో సైన్స్ పత్రికకెక్కింది. జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీ విషయంలో మాత్రం కార్ల్ లోమన్ పత్రం 1929 ఆగస్టులో జర్మనీలో వెలువడగా, వీరిది అక్టోబరులో వచ్చింది. ముందెవరు కనుగొన్నారన్నది తేల్చడానికి ప్రకటన తేదీనే ఆధారంగా తీసుకొనే ఆనవాయితీ ఎంత కఠినమైనదో దీనివల్ల తెలుస్తుంది.

ప్రకటనకు ముందు అదే రంగంలోని నిపుణులు పత్రాన్ని పరిశీలించడాన్ని పీర్ రివ్యూ అంటారు. డబ్బు పుచ్చుకొని ఆ పరిశీలన లేకుండానే అచ్చువేసే జర్నళ్లు తొందరపడే విద్యార్థులపైనే బతుకుతాయి. పీహెచ్‌డీకి పత్రం తప్పనిసరి అన్న నిబంధనను 2022లో యూజీసీ తొలగించడం ఆ తొందరను కొంతైనా తగ్గించే మంచి నిర్ణయం.

ఇంగ్లిషు కోసం ఆగకుండా, ప్రయోగం చేసిన సాయంత్రమే నోటు పుస్తకంలో తెలుగులో పద్ధతి అంతా రాసుకొని, తరువాత దానిని చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలలో పెట్టడం విద్యార్థికి మేలైన దారి. ఆ ప్రతిని పనితో సంబంధం లేని తోటి పరిశోధకుడి చేతికిచ్చి, నోటి మాట సాయం లేకుండా ప్రయోగం చేయమంటే, అతడు ఎక్కడ ఆగి ప్రశ్న అడిగితే అక్కడి వాక్యాన్ని తిరిగి రాయవలసి ఉంటుంది.