సిస్టమ్ పద్దులో ఏమున్నది?

పోయిన కార్తీకంలో భైంసా దగ్గరి మా మేనమామ ఊరికి పోయాను. ఇంట్లో కాలు పెట్టే జాగ లేదు. ముందరి అర్రలో పత్తి, నడిమింట్లో కప్పుదాకా పత్తి. మామ, అత్త వాకిట్లో మంచాలేసుకుని ఆ చలిలోనే పడుకుంటున్నారు. ఇంకా ఎందుకు అమ్మలేదని అడిగితే మామ జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

“అంత దీంట్లనే ఉన్నది అల్లుడా. మెమొరీ ఫుల్లంటది. యాప్ ఎక్కదు, స్లాట్ దొరకదు, పత్తి ఇల్లు కదలదు.”

2025-26 సీజన్‌లో సీసీఐకి, అంటే భారత పత్తి సంస్థకు, పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే తీసుకోరు. బయట వ్యాపారి అంత ధర పెట్టడు. అంటే మామ ఏడాది కష్టానికీ మద్దతు ధరకూ నడుమ ఫోన్‌లో కాస్త ఖాళీ లేకపోవడం అడ్డం పడ్డది. ఫోన్ నిండడమంటే ఫోటోలు తీసుకోలేకపోవడమేనని పట్నంలో అనుకుంటాం. ఖాళీ మరీ అడుగంటితే ఆండ్రాయిడ్ కొత్త ఎస్సెమ్మెస్‌లను కూడా తీసుకోదు. ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే బ్యాంకు లేదు, ఆధార్ లేదు.

నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ని కాను. అయినా కరీంనగర్‌లో ఐదారేళ్లుగా నా ఆదివారాలు ఈ పనికే పోతున్నాయి. మంకమ్మతోటలో మా ఇంటికి చుట్టాలో ఇరుగుపొరుగో ఎవరో ఒకరు “ఫోన్ హ్యాంగ్ అయితుంది, జర చూడు” అని వస్తారు. చూస్తూ చూస్తూ చెయ్యి తిరిగింది. ఈ పనిలో సగం ఫోన్‌ను చదవడం, మిగతా సగం ఆ ఫోన్ మనిషిని అడగడం.

మామ అప్పటికే ఒక దుకాణంలో చూపించాడట. ఫార్మాట్ కొట్టడం తప్ప దారి లేదన్నారట. అత్త అడ్డం తిరిగింది.

“ఫార్మాట్ కొడితే పోరని మాటలన్ని పోతయట. నేను కొట్టనియ్య.”

పోరడంటే మా బామ్మర్ది. దుబాయ్‌లో ఉంటాడు. అత్తకు చదువు రాదు. అందుకని కొడుకు రాయడు, మాట్లాడి పంపుతాడు. ఆమె కూడా గొంతుతోనే జవాబిస్తుంది. మూడేండ్లుగా నడుస్తున్న ఆ ఉత్తరాలన్నీ ఆ ఫోన్‌లో ఉన్నాయి. ఆమె వాటిని మళ్లీ మళ్లీ వింటుంది. ఏది ఎప్పటిదో కూడా చెప్పగలదు.

స్టోరేజ్ తెరిచాను. 64 జీబీ ఫోన్. ఖాళీ 400 ఎంబీ. యాప్‌లకు 11, ఫోటోలూ వీడియోలకు 12, ఇతర ఫైళ్లకు ఆరున్నర చిల్లర. సిస్టమ్ అన్నచోట 34 జీబీ. మామూలు ఫోన్‌లో సిస్టమ్ ఇంత మింగదు. ఈ అంకె చూడగానే చాలామంది చేతులెత్తేస్తారు. సిస్టమ్ అంటే కంపెనీవాళ్లది, మనం ముట్టుకోకూడదు అనుకుంటారు. దుకాణంలో అబ్బాయి ఫార్మాట్ అన్నదీ అందుకే అయ్యుంటుంది.

అసలు ఆ అంకె ఎట్లా వస్తుందో తెలిస్తే భయం పోతుంది. ఆండ్రాయిడ్ ముందు ఫోటోలు ఎంత, వీడియోలు ఎంత, పాటలు ఎంత, యాప్‌లు ఎంత అని లెక్క కడుతుంది. ఏ పద్దులోనూ పడకుండా మిగిలినదంతా సిస్టమ్ కింద రాసేస్తుంది. అందులో నిజమైన ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. 2016లో ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా ఫోన్లలో అప్‌డేట్ కోసం రెండో ప్రతి ఉంచుకునే పద్ధతి వచ్చింది, దానికీ కొంత జాగ పోతుంది. వీటిని మనం తగ్గించలేం. కానీ అదే పద్దులో దిగిపోయి ఇన్‌స్టాల్ కాని అప్‌డేట్ ఫైళ్లు, లాగ్‌లు, ఫోన్‌లో ఇంకో యూజర్ ఉంటే వాళ్ల సామానంతా కూడా చేరుతుంది. కాబట్టి సిస్టమ్ పెరిగిందంటే ఫోన్‌లో లెక్కకు అందనిదేదో ఉన్నదని అర్థం. దాన్ని వెతకాలి.

మొదట ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. నెలల తరబడి ఆపని ఫోన్లలో దీంతోనే జీబీ రెండు జీబీలు దిగిన సందర్భాలున్నాయి. ఇక్కడ దిగలేదు. ఆగి ఉన్న అప్‌డేట్ ఏదీ లేదు. అప్పుడు అడిగాను: “మామా, ఈ ఫోన్ కొత్తగ కొన్నదేనా?”

కాదు. మూడేండ్ల కింద సెలవుకు వచ్చిన కొడుకు తను వాడిన ఫోన్ ఇంట్లో ఇచ్చి పోయాడు. నాకు దారి దొరికింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ దిక్కు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల ఫోన్లలో రెండు వాట్సాప్‌లుంటాయి. ఇక్కడి నంబర్‌కు ఒకటి, అక్కడి నంబర్‌కు ఒకటి. రెండోది డ్యూయల్ యాప్. ఫోన్ దాన్ని వేరే మనిషి సామాను లెక్క పక్కన దాస్తుంది. దాని వీడియోలు మామూలు గ్యాలరీలో కనిపించవు. కొన్ని ఫోన్లలో వాటి బరువు అచ్చంగా సిస్టమ్ పద్దులోకే పోతుంది. మామ ఫోన్‌లో ఆ రెండో వాట్సాప్ ఎప్పుడో లాగౌట్ అయి ఉంది. ఫైల్ మేనేజర్‌లో డ్యూయల్ యాప్స్ మూల తెరిస్తే దాని సామానంతా అక్కడే ఉన్నది. పదహారు జీబీలకు పైనే.

నొక్కితే ఒక్క నిమిషంలో పోతుంది. కానీ అది మామది కాదు, నాది అంతకన్నా కాదు. దుబాయ్‌లో డ్యూటీ దిగే టైమ్ దాకా ఆగి బామ్మర్దికి ఫోన్ చేశాను.

“బావా, అండ్ల నా పాత వీసా కాగితాల ఫోటోలుంటయి. అవి తీసిపెట్టి మిగతాది మొత్తం లేపెయ్. అన్ని రూమోళ్లు పంపిన సినిమాలే.”

నాలుగు ఫోటోలు పక్కకు తీసి డ్యూయల్ యాప్‌ను తీసేశాను. సిస్టమ్ 34 నుంచి 18 లోపుకు దిగింది. మామ కళ్లద్దాలు సవరించుకుని ఆ అంకెను తన వేలితో రెండుసార్లు తాకి చూశాడు.

ఇక మామ, అత్త వాడే వాట్సాప్ పని ఎక్కువసేపు పట్టింది. ఇక్కడ తొందరపడితేనే నష్టం. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. అయిదు ఎంబీ దాటినవి ఒక దగ్గర, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒక దగ్గర చూపిస్తుంది. 2017 డిసెంబర్‌లో గూగుల్ భారత్‌లో ఫైల్స్ గో అనే యాప్ విడుదల చేసింది. ఇప్పుడు దాని పేరు ఫైల్స్ బై గూగుల్. మన గుడ్‌మార్నింగ్ పూలను ఏరి పారేయడానికి అది బాగా పనికొస్తుంది. క్లీనర్, బూస్టర్ పేర్లతో వచ్చే మిగతావాటిని నేను ఏ ఫోన్‌లోనూ ఉంచను. ఉన్న జాగలో అవే కొంత తింటాయి, పైగా ప్రకటనలు.

అత్తను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వీడియో చూపిస్తూ పోయాను. బాసరలో మనుమరాలి అక్షరాభ్యాసం ఉంచమన్నది. ఎవరి పెళ్లిదో గుర్తుపట్టలేని బరాతు పోనీమన్నది. మనం గ్యాలరీ నుంచి పంపే వీడియోలకు సెంట్ ఫోల్డర్‌లో ఇంకో కాపీ పడుతుంది, అది ఖాళీ చేశాను. వాట్సాప్ రోజూ రాత్రి 2 గంటలకు ఫోన్‌లోనే బ్యాకప్ రాసుకుని ఏడు రోజులవి దాచుకుంటుంది. కొత్తది ఉంచి పాతవి తీశాను. గ్యాలరీలో తీసేసినవి 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు ట్రాష్‌లో కూర్చుంటాయి, అదీ ఊడ్చాను. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేశాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. యాప్‌లో క్లియర్ కాష్ నొక్కితే ప్రమాదం లేదు. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా వాట్సాప్ మీద నొక్కితే కథంతా పోతుంది.

చివరికి అత్త భయపడ్డ దగ్గరికి వచ్చాం, కొడుకు గొంతుల దగ్గరికి. వాయిస్ నోట్స్ ఫోల్డర్ తెరిచి లెక్క చూశాను. పందొమ్మిది వందల పైచిలుకు మాటలు. మొత్తం బరువు 200 ఎంబీ లేదు. ఒక నిమిషం గొంతుకు నూట యాభై కేబీ అటూ ఇటూ. అదే నిమిషం వీడియోకు అంతకు పదుల రెట్లు. ఆ గుర్తుపట్టని బరాతు వీడియో ఒక్కటే 210 ఎంబీ ఉన్నది. మూడేండ్ల కొడుకు మాటలు దానికంటే తేలిక.

ఆ సంగతి చెబితే అత్త నమ్మలేదు. “గన్ని మాటలు గంత తక్కువనా?” అని ఒకటి పెట్టి వినిపించింది. పోయిన ఎండాకాలందట. బోరు ఎండిందా, ఎడ్లు మేస్తున్నయా, నాయిన కాలు ఎట్లున్నది అని వరసగా అడుగుతున్నాడు. వెనక ఎక్కడో లారీ హారన్. చిన్నప్పుడు మా వాడలో ఒకామె మస్కట్‌లో ఉన్న పెనిమిటికి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, అటు పోయేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేది. జవాబు రావడానికి నెలలు పట్టేది. ఆ క్యాసెట్లు ఇప్పుడు ఎవరింట్లోనూ లేవు. తర్వాత వాటి మీద సినిమా పాటలు నింపుకున్నారు. అది యాదికొచ్చి, మామ ఇంట్లోని పెన్‌డ్రైవ్‌లోకి ఆ వాయిస్ నోట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేశాను.

కొంత ఖాళీ ఎప్పుడూ ఎందుకు ఉంచాలో మామకు పలకతో చెప్పాను. పలక మీద ఒక్క అక్షరం తుడిచి అక్కడే మళ్లీ రాయొచ్చు. ఫోన్‌లోని ఫ్లాష్ మెమొరీలో అది కుదరదు. తుడిస్తే ఒక పెద్ద బ్లాకు మొత్తం తుడవాలి. అందులో పనికొచ్చేవాటిని ముందు ఇంకోచోటికి మోయాలి. మోయడానికి జాగ లేకపోతే ప్రతి చిన్న పనికీ ఫోన్ ఆగుతుంది. పదోవంతు ఖాళీగా ఉంచితే చాలు, ఇంత అవస్థ ఉండదు.

చీకటి పడేసరికి ఫోన్‌లో 21 జీబీ ఖాళీ అయింది. కపాస్ కిసాన్ ఎక్కింది, ఓటీపీ వచ్చింది, బుధవారానికి స్లాట్ దొరికింది.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అడిగి తీసుకోండి. సిస్టమ్ ఎంత తింటున్నదో, రెండో వాట్సాప్ ఏమైనా ఉన్నదో చూడండి. వీడియోలు వాళ్లకు చూపించి, అడిగి తీసేయండి. గొంతులు మాత్రం ముట్టకండి, వాటిని తీసినా మీకు జాగ కలిసిరాదు.